జిరాఫీకి సాక్షి

యుద్ధం నడుస్తున్న రోజుల్లో నన్ను గురజాల అవతల ఒక ఊళ్ళో బోర్డు స్కూలుకు వేశారు. గుంటూరులో ట్రెయినింగు పూర్తిచేసి అప్పటికి అట్టే కాలం కాలేదు. పెళ్ళయిన మరుసటేడే భర్త పోయాడు. ఆడదాన్ని, ఒంటరిదాన్ని, పైగా జీతం తెచ్చుకునేదాన్ని. ట్రంకుపెట్టెతో బండి దిగేసరికి అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. నేను ఏ సందులోకి తిరుగుతానా అని మాత్రం అందరూ చూశారు.

నాకు గది ఇచ్చింది ఆ ఊరి మోతుబరి ఇంట్లో పెద్దావిడ. కొడుకులు, కోడళ్ళు, మనవలతో ఆ ఇల్లు కిటకిటలాడేది. దొడ్లో గొడ్లచావిడి పక్కనున్న గది ఖాళీ చేయించి నాకిచ్చింది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. తాళంచెవి చేతిలో పెడుతూ ఆమె అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"నీకు అన్నదమ్ములుండారా అమ్మాయ్?"

"ఉన్నారు పెద్దమ్మా."

"ఉండి కూడా నిన్నింత దూరం ఎట్టా పంపిచ్చారు?"

నేను చెప్పిన జవాబు ఆమెకు రుచించలేదు. నాకు ఒక తాళంచెవి ఇచ్చి, రెండోది తన రొంటినే దోపుకుంది.

బడికి నేల నాపరాళ్ళు, కప్పు కూడా నాపరాళ్ళే. ఎండాకాలం పెనంలా కాలేది. పెద్ద తరగతులు హెడ్మాస్టరు చూసుకునేవారు, చిన్నపిల్లలు నా వంతు. రెండో తరగతి వాచకంలో జంతువుల తోట గురించి ఒక పాఠం ఉండేది. పట్నంలో సర్కారు వారు ఒక తోట వేసి, అందులో దేశదేశాల మృగాలను ఉంచి జనానికి చూపిస్తారని అందులో రాశారు. హెడ్మాస్టరు ఆ పాఠాన్ని ఏటా ఒకేలా చెప్పేవారట. ఆయన ఒక వాక్యం చదివితే పిల్లలు వెనకాల అరుస్తారు. చివరికి పాఠం నోటికి వస్తుంది, మృగం మాత్రం కంటికి ఆనదు.

తెలిసినదాని నుంచి తెలియనిదానికి తీసుకెళ్ళాలని మాకు ట్రెయినింగులో పదేపదే చెప్పారు. అందుకని ముందు పిల్లలకు బొగ్గుముక్కలిచ్చి, ఎవరింట్లో ఉన్న జంతువుల్ని వాళ్ళు నాపరాళ్ళ మీద గీయమన్నాను. ఒక్కో రాయి ఒక్కో ఇల్లు. నేలంతా ఎద్దులూ, గేదెలూ, మేకలూ, కోళ్ళతో నిండిపోయింది. నేను వంగి చూస్తూ అడుగుతూ పోయాను. ఇదెవరు, దీనికి కొమ్ములేవి, ఇది రాత్రి ఎక్కడ పడుకుంటుంది.

"ఈ రెండూ మా కొత్త కోడెలు. ఇంట్లో ఉండవు. చేలో గుడిసెలో కట్టేశాం," అన్నాడు ఒక రైతు కొడుకు. అందరి పిల్లలూ చెప్పినట్టే వాడూ చెప్పాడు. నేనూ విని ముందుకు కదిలాను.

ఆ తర్వాత తోటలోని మృగాల దగ్గరికి వచ్చాం. వాగు నుంచి బంకమట్టి తెచ్చుకుని బొమ్మలు చేశాం. జొన్నదంట్లు విరిచి పంజరాలు కట్టాం. మాంసం తినేవి ఒక పక్క, మేత మేసేవి ఒక పక్క. ఏనుగును కోటప్పకొండ తిరనాళ్ళలో చూసిన పిల్లలున్నారు. చిరుతపులి సంగతి నేను చెప్పడం కాదు, వాళ్ళే నాకు చెప్పారు. కొండ దిగి వచ్చి ఎవరి మేకను ఎత్తుకుపోయిందో, ఏ కుక్కను చంపిందో. అలాంటిదాన్ని పట్టి తెచ్చి తిండి పెట్టి సాకడమెందుకో మాత్రం వాళ్ళకు అర్థం కాలేదు.

"సింహానికి తిండి ఎవరు పెడతారు?" అని అడిగాడు కోడెల పిల్లవాడు.

"సర్కారు వాళ్ళు."

"మా కాడ కొలుచుకుపోయిన గింజలేనా?"

నాకు నవ్వొచ్చింది. సింహం గింజలు తినదని చెప్పాను. వాడు ఆ మాట నమ్మినట్టు కనిపించలేదు. గింజల కోసం తాలూకా నుంచి మనుషులు వచ్చి గాదెలు చూసి వెళుతున్న కాలమది. ఇంట్లో పెద్దలు మాట్లాడుకునేదే పిల్లల నోట వస్తుంది.

మిగిలింది జిరాఫీ. వాచకంలో దాని పేరు ఒక వాక్యంలో ఉంది, బొమ్మ లేదు. ఆ వేషం ఎవరు వేస్తారంటే ఎవరూ లేవలేదు. గుమ్మం దగ్గర కూర్చునే ఒక పిల్లను పిలిచాను. ఊరి చివర నాపరాళ్ళ గనిలో పనిచేసే వాళ్ళ పిల్ల. తండ్రి పటాలంలో చేరి దేశం దాటి పోయాడని, అప్పటికి ఈ పిల్ల పాకుతోందని విన్నాను. బక్కపలచగా, ప్రాణమంతా కళ్ళల్లోనే ఉన్నట్టు ఉండేది. మాట తక్కువ. ఒక చెయ్యి పైకెత్తి అరచేతిని ముందుకు వంచి, మునివేళ్ళ మీద నడిచి చూపించాను. రెండోసారికి నాకంటే బాగా నడిచింది. జిరాఫీ నీళ్ళు తాగాలంటే ముందుకాళ్ళు ఎడంగా చాపి వంగుతుందని చెబితే, అదీ చేసి చూపింది. ఎంత ఎత్తుంటుందో తెలియాలని చింతకాయలు కోసే దోటిని గోడకు ఆనించి, కప్పుకు పైన వచ్చేచోట దోటి మీద బొగ్గుతో ఒక గుర్తు పెట్టాం. తల అక్కడుంటుందన్నాను.

దారిన పోయే రైతులు ఆగి చూశారు.

"ఏందది పంతులమ్మా?"

"జిరాఫీ అండీ. ఆఫ్రికా దేశంలో ఉంటుంది. ఇంత ఎత్తు."

వాళ్ళు దోటి చివర చూశారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, వెళ్ళిపోయారు.

ఆ వారం తిరక్కుండానే తాలూకా మనుషులు మళ్ళీ ఊళ్ళోకి దిగారు. ఈసారి బండ్లూ ఎడ్లూ లెక్క రాసుకోవడానికి. యుద్ధం పనికి ఎడ్లను తోలుకుపోతారని పుకారు. వచ్చినవాళ్ళు ఇళ్ళ వెంట తిరగలేదు. తిన్నగా ఆ కోడెల రైతు చేలోకి, గుడిసె దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

ఆ సాయంత్రం నేను నీళ్ళకు వెళితే బావి దగ్గరి ఆడవాళ్ళు మాట మార్చారు. మరునాడు తరగతిలో సగం నేల ఖాళీ. వచ్చిన పిల్లలు కూడా నేను ఏదైనా అడిగితే పక్కవాడి ముఖం చూస్తున్నారు. "మీ ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగితే ఒక చిన్నవాడు, "మా ఇంట్లో ఏమీ లేవు పంతులమ్మగోరూ," అన్నాడు. ఎవరు నేర్పి పంపారో తెలుస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఆ రైతు బడికి వచ్చాడు. వెంట మరికొందరు. కేకలు వేయలేదు. అరుగు మీద కూర్చుని, తలపాగా తీసి పక్కన పెట్టుకుని, నిదానంగా అడిగాడు.

"మా గొడ్ల సంగతి నీకెందుకమ్మా?"

"పిల్లలకు పాఠం చెప్పడానికి అడిగానండీ. ఎవరికీ చెప్పలేదు."

"పాఠమా. మా నాయన నాడూ పాఠాలు చెప్పారు, మా ఎడ్లనెవురూ అడగలా." దోటి వైపు చూపించాడు. "మరి ఆ పైన తలకాయ పెట్టే జంతువో. దాన్ని నీ కళ్ళతో చూశావా?"

ట్రెయినింగులో ఉండగా మమ్మల్ని మద్రాసు తీసుకెళ్ళి జంతువుల తోట చూపించారు. సింహాన్ని చూశాను, ఉష్ట్రపక్షిని చూశాను. జిరాఫీని చూడలేదు. చూశానని చెబితే పోయేది. నోరు రాలేదు.

"బొమ్మలో చూశాను," అన్నాను.

"బొమ్మలో పది తలకాయల రావణాసురుడు కూడా ఉంటాడు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "లేని జంతువును ఉందని చెప్పే మనిషి, చెప్పిన మాట చెప్పలేదనదా?"

హెడ్మాస్టరు నా పక్షాన ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు వెళ్ళాక, "పుస్తకంలో ఉన్నదున్నట్టు చదివిస్తే సరిపోయేది కదమ్మా," అన్నారు. తాలూకా వాళ్ళు దిగే ముందురోజే ఆయన కరణం ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా చూశాను. పిల్లవాడు కోడెల సంగతి చెప్పినప్పుడు ఆయన పక్క తరగతిలోనే ఉన్నారు. మధ్యలో తడిక తప్ప గోడ లేదు. ఆయనే చెప్పి ఉంటారని నా మనసులో పడింది. ఒకసారి పడ్డాక పోలేదు. ఆయన దగ్గినా, ఉత్తరం రాసుకుంటున్నా నా మీదేనేమో అనిపించేది. ఊరు నన్ను అనుమానిస్తోంది, నేను ఆయన్ను అనుమానిస్తున్నాను. గదికి వస్తే పెద్దమ్మ.

"నీకు ఉత్తరాలెక్కడి నించి వస్తయ్ అమ్మాయ్?"

"మా అన్నయ్య రాస్తాడు."

"అన్నీ అన్నయ్యేనా?"

అలా ఉండగా గని పిల్ల తండ్రి, ఆ సిపాయి, సెలవు మీద వచ్చాడు. మాచర్లలో రైలు దిగి, దొరికినంత దూరం బండెక్కి, మిగతాది నడిచి వచ్చాడు. ఖాకీ బట్టలు, కాళ్ళకు బూట్లు. అతన్ని చూడగానే ఎదిగిన మగపిల్లలున్న తల్లులు వాళ్ళను చేలకు పంపేశారు. పటాలానికి మనుషుల్ని పట్టుకుపోవడానికే వచ్చాడని అనుకున్నారు. సొంత మనుషులు కూడా రెండు రోజులు దూరం నుంచే పలకరించారు.

అతను వచ్చిన మరునాడు కూతురు బడికి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడింది. తనంతట తను నా దగ్గరికి రావడం అదే మొదలు.

"పంతులమ్మగోరూ, మా ఇంట్లో ఎవరో ఉండాడు."

"ఎవరో కాదమ్మా. మీ నాయన. యుద్ధం నుంచి వచ్చాడు."

"ఇంతకు ముందు నువ్వు చూశావా ఆయన్ని?"

"చూడలేదు."

"మరి ఆయనే అని ఎట్టా తెలుసు?"

ఊరి పెద్దలు నన్ను అడిగిన ప్రశ్నే ఈ పిల్లా అడిగింది. మీ అమ్మ చెప్పింది కదా, మీ అమ్మకు తెలుసు కదా అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంది. నాకు నచ్చజెప్పడం చేతకాలేదు.

సిపాయి తిరిగి వెళ్ళే రోజు దగ్గర పడుతున్నా పిల్ల అతని దగ్గరికి పోలేదు. అతను తెచ్చిన బిస్కెట్లు తినలేదు. అతను ఇంట్లో ఉంటే పిల్ల గనిలో, అతను గని దగ్గరికి వస్తే పిల్ల ఇంట్లో. ఒక ఉదయం పిల్ల బడికి వస్తుంటే అతను వెనకాల దూరంగా నడుస్తూ వచ్చాడు. దగ్గరికొస్తే పరుగెత్తుతుందని భయం కాబోలు, పిల్ల ఆగితే తనూ ఆగేవాడు.

ఆ వేళకు కోడెల రైతు, ఇంకో ఇద్దరు ముగ్గురు బడి అరుగు మీద హెడ్మాస్టరుతో మాట్లాడుతున్నారు. నన్ను బదిలీ చేయించమని అర్జీ పెట్టే మాట అని నాకు తర్వాత తెలిసింది. సిపాయిని చూసి రైతు పలకరించాడు.

"ఏరా, ఏ దేశంలో ఉంచారు నిన్ను?"

"ఆఫ్రికాలోనయ్యా."

అరుగు మీద మాట ఆగింది. గుమ్మం ఎక్కబోతున్న పిల్ల కూడా ఆగింది. వెనక్కి తిరిగి తండ్రిని ఎగాదిగా చూసింది.

"నాయనా," అంది. "అక్కడ జిరాఫీ ఉందా?"

ఆ పిలుపు అతను అప్పటిదాకా వినలేదు. పిల్లను చూశాడు, నన్ను చూశాడు, గోడకు ఆనించి ఉన్న దోటినీ, పైనున్న బొగ్గు గుర్తునూ చూశాడు.

"ఉంది," అన్నాడు.

"చూశావా?"

"చూశా. ఇదిగో, ఇంత ఎత్తుండిద్ది." చెయ్యి ఎత్తి ఆ గుర్తునే చూపించాడు.

రైతు ముందుకు వంగాడు. "ఏం తింటదిరా అది?"

"చెట్ల ఆకులయ్యా. పైపై ఆకులు. మెడ అందుకేగా."

"మరి నీళ్ళెట్టా తాగుద్ది?"

ఇక్కడ అతను తడబడ్డాడు. పిల్ల పలకసంచీ కింద పెట్టి, కాళ్ళు రెండూ ఎడంగా చాపి, చెయ్యి మెడలా చేసి నేలదాకా వంగింది.

"ఇట్టా," అంది.

"అదేనయ్యా. అచ్చం అట్టానే," అన్నాడు సిపాయి.

రైతు దోటి మీది గుర్తును మరోసారి చూశాడు. తర్వాత తలపాగా చుట్టుకుని లేచాడు. "ఉందంటగా," అన్నాడు పక్కవాళ్ళతో. నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సిపాయి మా దొడ్డి గుమ్మం బయట నిలబడి పిలిచాడు. పెద్దమ్మ వసారాలో మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అతన్ని లోపలికి రానిచ్చి, తను లేచి పోకుండా అక్కడే కూర్చుంది.

"అమ్మగోరూ, నేను చూళ్ళేదు," అన్నాడతను గొంతు తగ్గించి. "ఉన్నన్నాళ్ళూ రేవులోనే ఉండా. ఓడలకాడ మూటలు మోశా. సముద్రం తప్ప ఏమీ చూళ్ళేదు. నా బిడ్డ మొదటిసారి నన్ను నాయనా అనింది. లేదని ఎట్టా చెప్పేది?"

నేను దీపం వత్తి కాస్త ఎగదోశాను.

"నిజంగా ఉందా అమ్మగోరూ అట్టాంటి జంతువు?"

"ఉంది," అన్నాను. అని, ఆ క్షణంలో నా మనసు తడుముకుంది. ట్రెయినింగు స్కూల్లో చూసిన గోడమీది పటం ఒక్కటే కదా నాకు ఆధారం. ఎవరో గీశారు, నేను నమ్మాను. ఊరంతా ఇన్నాళ్ళు అడిగి అడిగి నన్నూ లోలోపల అంత గుల్ల చేసింది.

"అయితే ఇంకాస్త చెప్పండమ్మా. బిడ్డ నా పక్కలో చేరి ఒకటే అడగతా ఉండాది. పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం ఇంకోటి చెబితే పట్టుకుంటది."

అతను వెళ్ళేదాకా రోజూ సాయంత్రం వచ్చాడు. జిరాఫీ ఒంటి మీద మచ్చలు ఎలా ఉంటాయి, గుంపుగా తిరుగుతుందా, కాలితో తంతుందా. నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. ఎలా నిద్రపోతుందో తెలియదంటే, "నేను ఉన్నప్పుడు అది నిద్రపోలా" అని చెబుతానన్నాడు. ఇక ఊరికి కొత్త మేత దొరికింది. పటాలం వాడు పొద్దుగూకులా పంతులమ్మ దగ్గర ఏం పనని. ఆ మాట పెద్దమ్మ చెవిన పడ్డప్పుడు, "నేను కూకున్నాగా మధ్యలో," అని బజారులోనే అనేసింది. ఆ రోజు తన రొంటినున్న రెండో తాళంచెవి తీసి నా గూట్లో పెట్టింది.

తర్వాత ఒకరోజు తొడిమలు తీస్తూ తనే అంది: "వాడూ చూళ్ళేదు. నువ్వూ చూళ్ళేదు. ఊరంతా నమ్మింది. మంచిదే."

"నువ్వు నమ్మావా పెద్దమ్మా?"

"జంతువు సంగతి నాకెందుకు. అడిగినప్పుడు చూళ్ళేదన్నావంట గదా. అది నమ్మా."

కోడెల సంగతి బయటపడింది నాట్లకు ముందు. ఆ రైతుకూ అతని చిన్నాన్న కొడుక్కూ పొలం గట్టు దగ్గర తగాదా పెరిగి, కర్రలదాకా వచ్చింది. కోపంలో ఆ చిన్నాన్న కొడుకే అన్నాడట, తాలూకా వాళ్ళకు నీ గుడిసె చూపించింది నేనేరా, ఏం చేస్తావో చేసుకో అని. నలుగురి ముందు అన్న మాట గనక సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మరునాడు కోడెల పిల్లవాడు బడికి వచ్చాడు. వాళ్ళ నాన్న గుమ్మందాకా తీసుకొచ్చి, "కూకోబెట్టుకో పంతులమ్మా," అని వెళ్ళిపోయాడు. అర్జీ ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. హెడ్మాస్టరు మీద నేను పెట్టుకున్న అనుమానం ఆయనకు ఎప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆయన ముఖంలోకి తిన్నగా చూడ్డానికి చాన్నాళ్ళు పట్టింది.

పిల్లలు తిరిగి వచ్చినా ఏదో కొంత పోయింది. మీ ఇంట్లో ఏమున్నాయని ఆ తర్వాత ఏ బళ్ళోనూ ఏ పిల్లనూ అడగలేదు. దారిలో ఏం చూశారని అడిగేదాన్ని. దారి ఎవరి సొత్తూ కాదు.

సిపాయి సెలవు తీరి వెళ్ళిన రోజు పిల్ల అతని చెయ్యి పట్టుకుని బండిబాట దాకా నడిచింది. ఈసారి నిజంగా చూసొస్తానమ్మగోరూ అని నాకు చెప్పి పోయాడు.

యుద్ధం ముగిశాక తిరిగొచ్చాడు. ఒక కాలు కొంచెం ఈడుస్తూ నడిచేవాడు. మళ్ళీ గనిలో రాళ్ళ పనికే కుదిరాడు. ఒక సాయంత్రం నేను అటు వెళితే పేర్చిన నాపరాళ్ళ మీద తండ్రీ కూతురూ కూర్చుని మజ్జిగన్నం తింటున్నారు. పిల్ల ఎత్తు పెరిగింది. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను.

"మళ్ళీ ఆఫ్రికానే వేశారా అన్నా?" అని అడిగాను.

"లేదమ్మగోరూ. బర్మా వైపు తోలారు. అడివి. అక్కడ ఏనుగులు దుంగలు లాగతయ్. మూడు నెలలు వాటి పక్కనే పండుకున్నా."

"నిజంగానా?" అంది పిల్ల. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఏనుగు అందరికీ తెలిసిందే గదా అని."

"తెలిసిందైతే ఏంది. నువ్వు చూశావు గదా."

అతను చెయ్యి కడుక్కుని, పైగుడ్డకు తుడుచుకున్నాడు. "ఒక ఆడ ఏనుగు ఉండేది," అని మొదలుపెట్టాడు. "దుంగ బరువు తన వల్ల కాదనుకుంటే ముందే తెలిసేది దానికి. మావటి ఎంత తిట్టినా కదిలేది కాదు."

నేను గదికి వెళ్ళి దీపం పెట్టాల్సిన వేళైంది. అయినా వాళ్ళ పక్కన రాళ్ళ మీద చోటు చూసుకుని కూర్చున్నాను.